‘స్టూడెంట్’ అనే మారుపేరు వెనుక మనిషి

మీ పిల్లలు ఇంటర్ దాటి డిగ్రీకో, బీటెక్‌కో, మెడిసిన్‌కో వెళ్ళాక ‘స్టూడెంట్స్ టి-టెస్ట్’ అనే పాఠం ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది. అది విద్యార్థులకు పెట్టే పరీక్ష అనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. నిజానికి ‘స్టూడెంట్’ ఒక మనిషి పెట్టుకున్న మారుపేరు. ఆయన అసలు పేరు విలియం సీలీ గాసెట్. కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి కాదు, ఉద్యోగమంతా ఒక బీరు కంపెనీలోనే చేశారు. స్కూలు పత్రికలో బీరు కంపెనీ సంగతేమిటని చిరాకు పడకండి. కథ చివరికి బడిపిల్లల పాల గ్లాసు దగ్గరికే వస్తుంది.

గాసెట్ 1876 జూన్ 13న ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీలో పుట్టారు. తండ్రి సైన్యంలో ఇంజనీర్ల విభాగంలో కల్నల్. చూపు సరిగా లేకపోవడం వల్ల కొడుక్కి సైన్యంలో చోటు దొరకలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో చేరి గణితంలోనూ, కెమిస్ట్రీలోనూ ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నారు. 1899లో డబ్లిన్‌లోని గిన్నిస్ కంపెనీలో ఉద్యోగంలో చేరారు.

అక్కడ ఆయనకు ఎదురైన చిక్కు, పలాస-కాశీబుగ్గలో జీడి వ్యాపారం చూసినవారికి వెంటనే అర్థమవుతుంది. 80 కిలోల బస్తాలతో లారీ లోడు వస్తుంది. ప్రతి పిక్కనూ కోసి చూడలేం కదా! ఈ బస్తాలోంచి గుప్పెడు, ఆ బస్తాలోంచి గుప్పెడు తీసి, కోసి, పప్పు ఎలా ఉందో చూస్తారు. మందస సరుకు మేలా, కవిటి సరుకు మేలా అన్నది ఆ నాలుగు గుప్పిళ్ళను బట్టే తేల్చాలి. ఇంకో నాలుగు గుప్పిళ్ళు తీస్తే మాట మారిపోవచ్చు. గాసెట్‌కు జీడి బదులు బార్లీ, హాప్స్ పువ్వులు. పరీక్షలకు డబ్బూ కాలమూ ఖర్చవుతాయి కాబట్టి చేతిలో ఉండేవి నాలుగైదు కొలతలే. అప్పటికున్న లెక్కలేమో వందల కొలతలు ఉంటే తప్ప నమ్మదగినవి కావు.

1904లో ఆయన కంపెనీకి ఒక నివేదిక రాశారు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీలోంచి ఎంత తీపి దిగుతుందో కొలిచినప్పుడు, రెండు కొలతల సగటు అసలు విలువకు అర డిగ్రీ లోపల ఉండేది ఐదింట నాలుగుసార్లు. నాలుగు కొలతలు తీస్తే పదమూడింట పన్నెండుసార్లు. కంపెనీ అవసరానికి నాలుగు చాలన్నారు. ‘సగటు ఇంత’ అని ఊరుకోకుండా, ‘ఇంత నుంచి ఇంత లోపల ఉంటుంది, ఈ పాటి నమ్మకంతో’ అని చెప్పడం చూడండి. ఇప్పటి పిల్లలు చదివే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ ఆలోచన ఇందులో ఉంది. ఆ పేరు మాత్రం 1930లలో జెర్జీ నేమన్ అనే మరో శాస్త్రవేత్త పెట్టారు.

1906లో కంపెనీ ఆయన్ను లండన్‌లో కార్ల్ పియర్సన్ ప్రయోగశాలకు పంపింది. అక్కడ ఆయన చేసిన పని తలచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. 3,000 మంది ఖైదీల ఎత్తు, ఎడమచేతి మధ్యవేలి పొడవు అట్టముక్కల మీద రాసి, పేకల్లా కలిపి, నాలుగేసి చొప్పున 750 గుంపులు చేశారు. ఒక్కో గుంపుకూ సగటు లెక్కించి, అసలు సగటుకు ఎంత దూరం పోతోందో చూశారు. కంప్యూటర్ లేదు, అంతా చేతిలెక్కే. తాను కట్టిన సూత్రానికి ఆ ఫలితాలు సరిపోయాయి.

1908లో ఆ వ్యాసం అచ్చయింది. తమ ఉద్యోగులు సొంత పేరుతో పరిశోధనలు ప్రచురించడానికి గిన్నిస్ ఒప్పుకునేది కాదు. అలా వచ్చిందే ‘స్టూడెంట్’ అన్న సంతకం. నాలుగేళ్ళ తర్వాత రొనాల్డ్ ఫిషర్ అనే కేంబ్రిడ్జ్ విద్యార్థి ఆ సూత్రానికి పూర్తి గణిత నిరూపణ రాసి ఆయనకు పంపాడు.

ఆ వ్యాసంలో ఒక ఉదాహరణ ఉంది. 10 మంది రోగులకు ఒకసారి ఒక నిద్రమందు, మరోసారి ఇంకొకటి ఇచ్చి చూశారు. అదనంగా పట్టిన నిద్ర మొదటిదానితో సగటున 0.75 గంట, రెండోదానితో 2.33 గంటలు. తేడా 1.58 గంటలు. ఇది మందు మహిమా, కాకతాళీయమా?

పద్ధతి ఇలా నడుస్తుంది. ముందు రెండు మందులకూ తేడా లేదనే అనుకుందాం. అలాంటప్పుడు పది మందిలో ఇంత తేడా, లేదా ఇంతకన్నా పెద్దది, ఊరికే కనబడడం ఎంత అరుదు? ఇప్పటి లెక్కన వెయ్యింట మూడుసార్లు. అంత అరుదైనది జరిగిందనుకోవడం కన్నా, తేడా ఉందనుకోవడమే సబబు. ఇక తేడా ఎంత? 95 శాతం నమ్మకంతో 0.70 నుంచి 2.46 గంటల మధ్య. ఈ హద్దుల్లో సున్నా లేదు, అది ముఖ్యం. హద్దులు ఎంత వెడల్పుగా ఉన్నాయో కూడా చూడండి. పది మందితో అంతకన్నా గట్టిగా చెప్పలేం.

యూనిట్ టెస్టులో ఎ సెక్షన్ సగటు బి సెక్షన్ కన్నా రెండు మార్కులు ఎక్కువ వచ్చిందని ఎవరైనా సెక్షన్ మార్చమని అడిగితే, ఇదే లెక్క వేసి చూడాలి. పిల్లల మార్కులు ఒక్కో పరీక్షకు పది అటూ ఇటూ ఊగుతుంటే, ఆ రెండు మార్కులు మాట్లాడుకోదగ్గవే కావు.

ఇక పాల సంగతి. 1930లో స్కాట్లండ్‌లోని లానార్క్‌షైర్‌లో 67 బడుల్లో 20,000 మంది పిల్లలతో పెద్ద ప్రయోగం చేశారు. సగం మందికి నాలుగు నెలలపాటు రోజుకు ముప్పావు పింటు, అంటే దాదాపు 425 మిల్లీలీటర్ల పాలు ఇచ్చారు. మిగతా సగానికి ఇవ్వలేదు. పాలు తాగినవాళ్ళు ఎక్కువ పెరిగారని ఫలితం చెప్పింది.

మరుసటి ఏడాది గాసెట్ ఆ ప్రయోగంలోని లోపాలు బయటపెట్టారు. పిల్లల్ని చీటీల పద్ధతిలోనో, అక్షరక్రమంలోనో ఎంచినా, గుంపుల్లో హెచ్చుతగ్గులు కనిపిస్తే మార్చే వీలు టీచర్లకు ఇచ్చారు. టీచర్లు జాలిపడి బక్కచిక్కిన పిల్లల్ని పాల గుంపులోకి చేర్చినట్టుంది. అందుకే మొదటి రోజే పాలు తాగని గుంపు బరువులో సుమారు మూడు నెలల ఎదుగుదలంత ముందుంది. పైగా బరువు తూచింది బట్టలతోనే, ఒకసారి ఫిబ్రవరి చలిలో, మళ్ళీ జూన్‌లో. ఉన్నవాళ్ళ పిల్లలు బరువైన చలి దుస్తులు విప్పేస్తారు. పేదపిల్లలకు విప్పడానికి ఏముంది? వాళ్ళ బరువు పెరిగినట్టే కనబడుతుంది. 20,000 మంది బదులు 50 జతల ఏకరూప కవలల్ని తీసుకుని, ప్రతి జతలో ఒకరికి పాలిచ్చి ఉంటే, చాలా తక్కువ ఖర్చులో ఇంతకన్నా నమ్మదగిన జవాబు వచ్చేదని ఆయన లెక్క చెప్పారు.

1935లో కంపెనీ లండన్‌లో కొత్త కర్మాగారం పెడితే అక్కడికి వెళ్ళారు. 1937 అక్టోబరు 16న, 61 ఏళ్ళ వయసులో, గుండెపోటుతో పోయారు.

ఆయన ఉద్దానం పేరు విని ఉండరు. మనకు మాత్రం ఆయన లెక్కతో పని పడింది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఇళ్ళకు డయాలసిస్ అన్న మాట కొత్తగా నేర్పక్కర్లేదు. షుగరూ బీపీ లేనివాళ్ళకూ కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్ళు, ఎండలో చాకిరీ, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి గానీ కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు తెచ్చే సుమారు 700 కోట్ల పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. ఇకపై ఆ నీళ్ళతో జబ్బు తగ్గిందనో, తగ్గలేదనో అంకెలు మీ చెవిన పడతాయి.

అప్పుడు పాల గ్లాసు గుర్తు తెచ్చుకోండి. డబ్బాల నీళ్ళు కొనుక్కునే ఇంటినీ, బోరు నీళ్ళు తాగే ఇంటినీ పోలిస్తే అక్కడ తేడా నీళ్ళొక్కటే కాదు, డబ్బులోనూ పనిలోనూ కూడా ఉంటుంది. జబ్బు ఎక్కువున్న ఊళ్ళకు ముందు నీళ్ళు ఇవ్వడం దయగల పని, ఆ టీచర్లు చేసిందీ అలాంటిదే. కానీ అలా ఇచ్చాక పోలిస్తే మంచినీళ్ళు తాగే ఊళ్ళలోనే రోగులు ఎక్కువ కనబడతారు. ఒంట్లో నీరు తగ్గితే క్రియాటినిన్ పెరిగినట్టు కనబడుతుంది. కాబట్టి ఒక ఊరికి మే నెల ఎండల్లో, ఇంకో ఊరికి ఆగస్టు వానల్లో రక్తం తీసి ఉంటే, ఆ రెండు సగటులనూ పక్కపక్కన పెట్టే ముందు ఆ నెలల సంగతి అడగండి.