షుల్జ్ దొరగారు: తెలుగు బైబిలును మొదట తర్జుమా చేసిన భక్తుడు

పరిశుద్ధ గ్రంథము తన భక్తుల తప్పులను కప్పిపెట్టదు. నోవహు మత్తుడైన సంగతియు, పేతురు బొంకిన సంగతియు అందులో వ్రాయబడియున్నవి. ఆ గ్రంథమును మొట్టమొదట తెలుగులోనికి తర్జుమా చేసినవారి జీవితమును కూడ అట్లే దాపరికము లేక చూతము.

బెంజమిన్ షుల్జ్ గారు 1689లో జర్మను దేశమున జన్మించిరి. 1719లో మిషనెరీగా తమిళ దేశమందలి తరంగంబాడికి వచ్చిరి. అంతకు కొన్ని నెలల ముందే జీగెన్బాల్గ్ గారు పాత నిబంధనను రూతు గ్రంథము వరకు తమిళములోనికి తర్జుమా చేసి, ప్రభువునందు నిద్రించిరి. మిగిలిన పనిని షుల్జ్ గారు చేపట్టిరి. రూతు తరువాత సమూయేలు గ్రంథములు గదా! దావీదు ఊరియా భార్యను చేర్చుకొని, ఊరియాను చంపించిన అధ్యాయము వీరి చేతిమీదుగానే తమిళములోనికి వచ్చెను. రాజు గొప్పవాడని దానిని విడిచిపెట్టుటకు వీలులేదు.

షుల్జ్ గారు కష్టపడి పనిచేయువారే గాని, మెత్తని మనిషి కారు. తోటి మిషనెరీలతో కలహపడిరి. తమకు ముందున్నవారి తమిళమును తక్కువగా ఎంచిరి. పొత్తు కుదరక 1726లో మద్రాసు చేరిరి. అక్కడ తెలుగువారు అనేకులుండిరి. వారి భాష నేర్చి, 1732 నాటికి బైబిలును తెలుగులోనికి తర్జుమా చేసిరి. అయితే అది అచ్చుపడలేదు. 1743లో వారు స్వదేశమునకు మరలి, హాలె పట్టణమున కొన్ని చిన్న తెలుగు పుస్తకములను మాత్రము అచ్చువేయించి, 1760లో అక్కడనే మరణించిరి.

ప్రియులారా, ఆ కలహము మేలైనదని చెప్పరాదు. పౌలు బర్నబాలు తగవుపడి వేరైనప్పుడు లూకా దానిని మెచ్చుకొనలేదు, దాచనూ లేదు. దావీదు పాపము వ్రాయబడినది మనకు సాకుగా ఉండుటకు కాదు. నాతాను గద్దించగా అతడు ఒప్పుకొని క్షమాపణ పొందెను. అయినను ఆ పాపఫలమును తన ఇంటిలోనే చూచెను. తప్పును దాచినచో, దానిని క్షమించిన కృప కూడ మరుగైపోవును.

మన అనంతపురము సీమలో చెరువు నిండియున్నప్పుడు పూడిక కనబడదు. కరవు వచ్చి అడుగు బయటపడినప్పుడే పూడిక తీయుదుము. సంఘపెద్ద తప్పు బయటపడినప్పుడు పరువు పోవునని కప్పిపుచ్చుట, పూడికను విడిచి వానకొరకు ప్రార్థించుట వంటిది. ఒప్పుకొనుటయే పూడిక తీయుట. అప్పుడు ప్రభువు కురిపించు నీరు మన సంఘములలో నిలుచును.