జాగ్వార్ కొత్త దారిపై పాత ఓనర్ల ఆగ్రహం.. ఇంతకీ అందరూ తలుచుకుంటున్న ఆ విలియం లయన్స్ ఎవరు?

2024 నవంబర్. బ్రిటన్ లగ్జరీ కార్ల బ్రాండ్ జాగ్వార్ ఒక చిన్న వీడియో వదిలింది. రంగురంగుల డ్రెస్సులు, గులాబీ రంగు సెట్టు, ఫ్యాషన్ మోడల్స్.. అన్నీ ఉన్నాయి. ఒక్కటే లేదు. కారు!

ఇంకేముంది, సోషల్ మీడియాలో రచ్చ మొదలైంది. అసలు మీరు కార్లు అమ్ముతారా అంటూ ఎలాన్ మస్క్ కూడా ఆటపట్టించారు. అందరికన్నా ఎక్కువ బాధపడింది మాత్రం ఏళ్ల తరబడి జాగ్వార్ కార్లు నడుపుతున్న పాత ఓనర్లు. గర్జించే జాగ్వార్ ముఖం ఉన్న గుండ్రటి బ్యాడ్జ్‌ను పక్కన పెట్టేశారు. పెట్రోల్, డీజిల్‌కు గుడ్‌బై చెప్పి ఇకపై ఎలక్ట్రిక్ కార్లే అన్నారు. ధర కూడా లక్ష పౌండ్లు దాటుతుందని చెప్పారు. మన కరెన్సీలో అది కోటి రూపాయల పైమాటే.

ఈ గొడవలో రెండు వైపుల నుంచీ వినిపించిన పేరు ఒక్కటే. సర్ విలియం లయన్స్. జాగ్వార్ దేన్నీ కాపీ కొట్టకూడదన్న ఆయన సూత్రాన్నే కంపెనీ తన కొత్త నినాదంగా పెట్టుకుంది. ఆయన ఉండుంటే ఇలా జరిగేదా అని పాత ఓనర్లు అడుగుతున్నారు. చనిపోయి 40 ఏళ్లు దాటిన మనిషి పేరు మీద ఇంత పంచాయితీ ఎందుకు? ఆయన కథ తెలిస్తేనే ఇది అర్థమవుతుంది.

పియానో షాపు ఓనర్ కొడుకు

విలియం లయన్స్ 1901 సెప్టెంబర్ 4న ఇంగ్లాండ్‌లోని బ్లాక్‌పూల్‌లో పుట్టారు. సముద్రం ఒడ్డున ఉండే టూరిస్ట్ ఊరు అది. తండ్రి సంగీత వాయిద్యాల షాపు నడిపేవారు. కొడుక్కి మాత్రం పియానోల కంటే మోటార్ సైకిళ్ల మీదే ధ్యాస. మాంచెస్టర్‌లోని క్రాస్లీ మోటార్స్‌లో కొన్నాళ్లు అప్రెంటిస్‌గా చేసి, తిరిగొచ్చి సొంతూళ్లోనే కార్ల షోరూంలో సేల్స్‌మన్‌గా చేరారు.

1921లో దగ్గర్లోకి విలియం వామ్స్‌లీ అనే వ్యక్తి కుటుంబం వచ్చింది. వామ్స్‌లీ మోటార్ సైకిళ్లకు అల్యూమినియం సైడ్‌కార్లు తయారు చేసేవారు. పక్కన మనిషిని కూర్చోబెట్టుకునే తొట్టె లాంటిది అన్నమాట. చూడ్డానికి స్టైల్‌గా ఉండటంతో లయన్స్ ఒకటి కొనుక్కున్నారు. కొన్నాక ఆయనకు అర్థమైంది, ఇది ఒక్కొక్కటిగా చేసి అమ్ముకునే సరుకు కాదని. ఇద్దరూ పార్ట్‌నర్లు అయ్యారు. తండ్రులు పూచీ ఉంటే బ్యాంకు 1,000 పౌండ్ల ఓవర్‌డ్రాఫ్ట్ ఇచ్చింది. 1922లో లయన్స్‌కు 21 ఏళ్లు నిండిన వేళ స్వాలో సైడ్‌కార్ కంపెనీ పుట్టింది.

తక్కువ ధరకే రాజసం

1920ల్లో బ్రిటన్‌లో సామాన్యుడి కారంటే ఆస్టిన్ సెవెన్. చిన్నది, చవకది, చూడ్డానికి మాత్రం సాదాసీదా. లయన్స్ అక్కడే అవకాశం చూశారు. 1927లో ఆస్టిన్ సెవెన్ ఛాసిస్ తీసుకుని, దాని మీద అందమైన బాడీ, రెండు రంగుల పెయింట్ వేసి 175 పౌండ్లకు అమ్మకానికి పెట్టారు. లోపల అదే ఇంజిన్, పైన మాత్రం దొరల కారు లుక్కు!

హెన్లీస్ అనే డీలర్ ఏకంగా 500 కార్లకు ఆర్డర్ ఇచ్చారు. బ్లాక్‌పూల్‌లో ఉన్న చిన్న వర్క్‌షాపులో అన్ని కార్లు చేయడం అయ్యే పని కాదు. దీంతో 1928లో మకాం కొవెంట్రీకి మారింది. బ్రిటన్ కార్ల పరిశ్రమకు గుండెకాయ ఆ నగరం.

1931 లండన్ మోటార్ షోలో ఎస్‌ఎస్ 1 కారు వచ్చింది. పొడవాటి బానెట్, కిందికి దిగిన రూఫ్. చూస్తే వెయ్యి పౌండ్ల కారులా ఉండేది. ధర 310 పౌండ్లు. దీని వెనుక ఒక కథ చెబుతారు. ఆ కారు తయారవుతున్న టైంలో లయన్స్ అపెండిక్స్ ఆపరేషన్‌తో ఆసుపత్రిలో ఉన్నారు. లోపల కూర్చునేవాళ్లకు తల తగులుతుందని వామ్స్‌లీ రూఫ్ ఎత్తు పెంచేశారు. బయటికొచ్చి చూసిన లయన్స్‌కు మండిపోయింది. కారు గీత ఒక్క అంగుళం అటూ ఇటూ అయినా ఆయన కంటికి ఆనేది కాదు.

1935 నాటికి వామ్స్‌లీ కంపెనీ నుంచి తప్పుకున్నారు. అదే ఏడాది కొత్త సెలూన్ కారు కోసం యాడ్ వాళ్లు జంతువులు, పక్షులు, చేపల పేర్లతో ఒక జాబితా ఇచ్చారు. అందులోంచి లయన్స్ వేలు పెట్టిన పేరే జాగ్వార్. లండన్‌లోని మేఫెయిర్ హోటల్‌లో డీలర్లను పిలిచి కారు చూపించి ధర ఊహించమన్నారు. వాళ్లు రాసిన అంకెల సగటు 632 పౌండ్లు. అసలు ధర 385 పౌండ్లే!

పాత ఓనర్లు ఇప్పుడు పదే పదే గుర్తు చేస్తున్నది ఈ లెక్కనే. పక్క కంపెనీ కారు ధరలో సగానికే అంతకు మించిన అందం, వేగం ఇవ్వడం. లయన్స్ కెరీర్ మొత్తం ఈ ఒక్క ఫార్ములా మీదే నడిచింది.

యుద్ధంలో రాత్రి కాపలా.. పుట్టిన ఇంజిన్

రెండో ప్రపంచ యుద్ధంలో కొవెంట్రీపై జర్మనీ బాంబుల వర్షం కురిపించింది. ఫ్యాక్టరీకి నిప్పంటుకుంటే ఆర్పడానికి సిబ్బంది వంతులవారీగా రాత్రిళ్లు కాపలా కాసేవారు. లయన్స్, ఆయన ఇంజినీర్లు విలియం హేన్స్, వాల్టర్ హసన్, క్లాడ్ బెయిలీ ఆ డ్యూటీ టైంను ఊరికే పోనివ్వలేదు. యుద్ధం తర్వాత చేయాల్సిన కొత్త ఇంజిన్ గురించి అక్కడే చర్చలు సాగాయి. అదే ఎక్స్‌కే ఇంజిన్. 1940ల చివర మొదలై 40 ఏళ్లకు పైగా ఉత్పత్తిలో ఉంది.

ఈలోగా ఇంకో సమస్య. ఎస్‌ఎస్ అనే పేరు వింటే జనానికి హిట్లర్ సేన గుర్తొస్తోంది. 1945లో లయన్స్ ఆ పేరు తీసేసి కంపెనీని జాగ్వార్ కార్స్‌గా మార్చేశారు.

1948 లండన్ షోలో ఎక్స్‌కే 120 తెరమీదకు వచ్చింది. పేరులో 120 అంటే గంటకు 120 మైళ్లు, అంటే సుమారు 193 కిలోమీటర్లు. ఏవో కొన్ని కార్లు చేసి ఇంజిన్‌కు ప్రచారం తెద్దామనుకున్నారు. జనం ఎగబడ్డారు. చివరికి 12 వేలకు పైగా తయారు చేయాల్సి వచ్చింది. హాలీవుడ్ స్టార్ క్లార్క్ గేబుల్ కూడా తొలి కస్టమర్లలో ఒకరు.

గెలుపు పక్కనే కడుపుకోత

ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల లెమాన్స్ రేసులో జాగ్వార్ 1951, 1953లో గెలిచింది. 1955లోనూ టీమ్ సిద్ధమైంది. లయన్స్ ఒక్కగానొక్క కొడుకు జాన్ కూడా కారులో లెమాన్స్‌కు బయల్దేరారు. దారిలో ఫ్రాన్స్‌లో రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. ఆ తర్వాత కొద్ది రోజులకే జరిగిన రేసులో ఒక కారు జనంలోకి దూసుకెళ్లి 80 మందికి పైగా మృతి చెందారు. ఆ రేసు గెలిచింది జాగ్వారే. కానీ అది ఎవరూ పండగ చేసుకునే గెలుపు కాదు.

1956లో లయన్స్‌కు సర్ బిరుదు వచ్చింది. 1957 ఫిబ్రవరిలో కొవెంట్రీ బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీలో పెద్ద అగ్ని ప్రమాదం జరిగింది. కొద్ది రోజుల్లోనే మళ్లీ కార్లు తయారవడం మొదలైంది. ఏ దెబ్బ తగిలినా మర్నాడు పనిలోకి వచ్చే మనిషిగా ఆయనకు పేరు. ఉద్యోగులతో మరీ కలుపుగోలుగా ఉండేవారు కాదు. అనవసరంగా ఒక్క పౌండ్ ఖర్చు పెట్టనిచ్చేవారు కాదు.

కానీ డిజైన్ విషయంలో మాత్రం వేరే మనిషి. లయన్స్ ప్రధానంగా కాగితం మీద బొమ్మలు గీసే టైప్ కాదు. నైపుణ్యం ఉన్న పనివాళ్లను పక్కన పెట్టుకుని, అసలు సైజులోనే రేకు, చెక్కతో నమూనా చేయించేవారు. దాన్ని వాపెన్‌బరీ హాల్ అనే తన ఇంటికి తెప్పించి, పగటి వెలుతురులో చుట్టూ తిరిగి చూసేవారు. నచ్చని చోట మళ్లీ మార్పించేవారు.

ప్రపంచం ఆగి చూసిన కారు

1961 మార్చిలో జెనీవాలో ఈ-టైప్ వచ్చింది. దాని ఆకారం ఏరోడైనమిక్స్ నిపుణుడు మాల్కం సేయర్ పని. గంటకు 150 మైళ్ల వేగం అని ప్రచారం. ధర రెండు వేల పౌండ్లు దాటీ దాటనట్టు. అప్పటి ఆస్టన్ మార్టిన్ కారు ధరలో దాదాపు సగం. 1974 వరకు 70 వేలకు పైగా తయారయ్యాయి. నేటికీ ప్రపంచంలో అందమైన కార్ల జాబితా ఏది వేసినా ఇందులో ఈ-టైప్ ఉండాల్సిందే.

అసలు మలుపు ఇక్కడే

1960ల మధ్యకు వచ్చేసరికి లయన్స్‌కు 60 దాటాయి. కంపెనీ అప్పగించడానికి కొడుకు లేడు. జాగ్వార్‌కు బాడీలు సప్లై చేసే ప్రెస్డ్ స్టీల్ కంపెనీని 1965లో పెద్ద కంపెనీ బీఎంసీ కొనేసింది. రేపు బాడీలు ఆపేస్తే పరిస్థితేంటి? 1966లో ఆయన బీఎంసీతో విలీనానికి ఒప్పుకున్నారు. 1968లో అది కాస్తా బ్రిటిష్ లేలాండ్ అనే మహా సంస్థలో కలిసిపోయింది.

అదే ఏడాది వచ్చిన ఎక్స్‌జే6 ఆయన చివరి గొప్ప కారు. 1972లో రిటైర్ అయ్యాక గార్డెనింగ్, గొర్రెల పెంపకంతో కాలం గడిపారు. మరోవైపు లేలాండ్ చేతిలో జాగ్వార్ నాణ్యత పడిపోయింది. రోడ్డు మీద ఆగిపోయే లగ్జరీ కారు అన్న చెడ్డపేరు వచ్చింది. పాత ఓనర్ల అసంతృప్తి నిజానికి అప్పుడే మొదలైంది. 1980లో జాన్ ఈగన్ పగ్గాలు చేపట్టి గాడిలో పెట్టారు. పెద్దాయన సలహాలు కూడా తీసుకునేవారు. 1984లో జాగ్వార్ మళ్లీ స్వతంత్ర కంపెనీ అయింది. అది కళ్లారా చూసి, 1985 ఫిబ్రవరి 8న 83 ఏళ్ల వయసులో లయన్స్ కన్నుమూశారు.

ఆయన తర్వాత ఏం జరిగింది?

1989లో ఫోర్డ్ సుమారు 160 కోట్ల పౌండ్లకు జాగ్వార్‌ను కొనడానికి ముందుకొచ్చింది. 2001లో వచ్చిన ఎక్స్-టైప్ ఫోర్డ్ మోండియో కారు పునాది మీద తయారైందని తెలిసి వీరాభిమానులు మొహం తిప్పుకున్నారు. 2005లో బ్రౌన్స్ లేన్‌లో కార్ల తయారీ ఆగిపోయింది. 2008లో టాటా మోటార్స్ 230 కోట్ల డాలర్లకు ల్యాండ్ రోవర్‌తో కలిపి జాగ్వార్‌ను సొంతం చేసుకుంది. అంటే ఇప్పుడు ఈ గొడవకు మూలమైన కంపెనీ ఓనర్ మన దేశ సంస్థే.

కంపెనీ వైపు కూడా ఒక లెక్క ఉంది. 2018లో ప్రపంచవ్యాప్తంగా లక్షా 80 వేల కార్లు అమ్మిన జాగ్వార్, 2023-24 ఆర్థిక సంవత్సరానికి 70 వేల లోపుకు పడిపోయింది. జర్మన్ కంపెనీలతో ధరల్లో పోటీ పడలేక, తక్కువ కార్లు ఎక్కువ ధరకు అమ్మాలని నిర్ణయించింది. ఇప్పటి కస్టమర్లలో ఎక్కువమంది తమ వెంట రారని ముందే లెక్కేసుకుంది. పాత ఓనర్లకు ఎక్కువగా గుచ్చుకుంది ఈ మాటే. ఇన్నేళ్లు బ్రాండ్‌ను మోసింది మేము, ఇప్పుడు మేమే అక్కర్లేదా అన్నది వాళ్ల బాధ.

మరి లయన్స్ ఎవరి పక్షం?

నిజం చెప్పాలంటే రెండు వైపులా ఉంటారు. సైడ్‌కార్ల నుంచి కార్లకు మారింది ఆయనే. జనానికి అలవాటైన ఎస్‌ఎస్ పేరును ఒక్క దెబ్బతో తీసేసింది ఆయనే. మార్పు అంటే ఆయనకు భయం లేదు. ఈ విషయంలో కంపెనీ ఆయన పేరు వాడుకోవడం తప్పేమీ కాదు.

కానీ 385 పౌండ్ల కారును 632 పౌండ్ల కారులా చూపించడం ఆయన విద్య. డబ్బున్నవాడి కలను కాస్త తక్కువ డబ్బున్నవాడి చేతికి అందించారు. డాక్టర్లు, లాయర్లు, చిన్న వ్యాపారులు కూడా ఏదో ఒక రోజు జాగ్వార్ కొంటామని ఆశపడింది అందుకే. కోటి దాటిన ధరతో ఆ ఆశకు తలుపు మూసుకుపోతోంది. లోగో మారిందనే కోపం కొన్నాళ్లకు చల్లారుతుందేమో. ఈ బాధ మాత్రం అంత త్వరగా పోయేది కాదు.

2024 డిసెంబర్‌లో మయామీలో చూపించిన టైప్ 00 మోడల్ కాన్సెప్ట్ మాత్రమే. గులాబీ, నీలం రంగుల్లో దాన్ని ప్రపంచం చూసింది. విలియం లయన్స్ అయితే కారును ఇంటి ముందుకు తెప్పించి, మామూలు పగటి వెలుతురులో చుట్టూ తిరిగి చూశాకే ఓకే చెప్పేవారు. కొత్త జాగ్వార్ ఎవరి ఇంటి ముందైనా అలా నిలబడిన రోజున పాత ఓనర్లు కూడా ఆగి చూస్తారు. ఆయన నేర్పిన కళ్లతోనే చూస్తారు.