ఆకాశమే ఆయన తొలి ప్రేమ
దక్కన్‌ ఎయిర్‌వేస్‌తో జంట నగరాలకు చేరువైన జేఆర్‌డీ

అల్వాల్‌: హకీంపేట వైమానిక స్థావరం నుంచి లేచే శిక్షణ విమానాల మోత వినబడగానే ఆడుకునే పిల్లలు తలెత్తి చూడడం అల్వాల్‌ వీధుల్లో కొత్త కాదు. చాలామందికి ఆ ముచ్చట బాల్యంతోనే తీరిపోతుంది. జహంగీర్‌ రతన్‌జీ దాదాభాయ్‌ టాటాకు మాత్రం జీవితాంతం తీరలేదు.

1904 జులై 29న పారిస్‌లో జన్మించిన జేఆర్‌డీ బాల్యం వేసవుల్లో ఫ్రాన్స్‌ ఉత్తర తీరంలోని హార్డెలో గ్రామంలో గడిచింది. 1909లో ఇంగ్లిష్‌ ఛానెల్‌ను విమానంపై దాటి చరిత్రకెక్కిన లూయీ బ్లేరియో కుటుంబం అక్కడ వారికి ఇరుగుపొరుగు. ఆ ఇసుక తిన్నెలపై విమానాలు దిగుతుంటే చూసిన బాలుడు తానూ విమానం నడపాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు. పదిహేనో ఏట ఒకసారి విమానమెక్కే భాగ్యం కలిగినా, స్వయంగా నడపడానికి మరో పదేళ్లు వేచి ఉండవలసి వచ్చింది. 1929 ఫిబ్రవరి 10న భారతదేశంలో జారీ అయిన మొదటి పైలట్‌ లైసెన్సు ఆయన చేతికందింది.

ఇంగ్లండు, భారత్‌ల మధ్య ఒంటరిగా విమానం నడిపేవారికి ఆగాఖాన్‌ బహుమతి ప్రకటించారు. జేఆర్‌డీ ఇక్కడి నుంచి, ఆస్పీ ఇంజినీర్‌ అనే యువకుడు అక్కడి నుంచి బయలుదేరారు. ఈజిప్టులో స్పార్క్‌ ప్లగ్గు లేక చిక్కుకున్న ఆస్పీకి జేఆర్‌డీ తన వద్దనున్నది ఇచ్చివేశారు. స్వల్ప తేడాతో గెలిచింది ఆస్పీయే! ఆయనే తర్వాత వైమానిక దళాధిపతి అయ్యారు.

1932 అక్టోబరు 15న జేఆర్‌డీ పుస్‌ మాత్‌ విమానంలో కరాచీ నుంచి అహ్మదాబాద్‌ మీదుగా బొంబాయికి టపా తెచ్చారు. అక్కడి నుంచి నెవిల్‌ విన్సెంట్‌ ఆ సంచులను బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చారు. ఆనాడు మద్రాసు రాష్ట్రంలో ఉన్న బళ్లారిలో తెలుగువారు గణనీయంగానే ఉండేవారు.

జంట నగరాలతో ఆయన అనుబంధం 1945లో ఏర్పడింది. నిజాం ప్రభుత్వం, టాటా ఎయిర్‌లైన్స్‌ కలిసి దక్కన్‌ ఎయిర్‌వేస్‌ను స్థాపించాయి. బేగంపేట కేంద్రంగా డకోటా విమానాలు తిరిగాయి. ఇతర సంస్థలు మహిళ అన్న కారణంగా కాదన్న ప్రేమ్‌ మాథుర్‌కు పైలట్‌ ఉద్యోగమిచ్చిన ఘనత ఈ సంస్థదే. ఈ సంగతి నేడు నగరంలో ఎందరికి గుర్తున్నదో!

1948 జూన్‌ 8న ఎయిర్‌ ఇండియా ఇంటర్నేషనల్‌ లండన్‌కు రెక్కలు విప్పింది. ఐదేళ్లకే, 1953లో, ప్రభుత్వం విమానయానాన్ని జాతీయం చేసింది. జేఆర్‌డీ వ్యతిరేకించినా ఫలితం లేకపోయింది. దక్కన్‌ ఎయిర్‌వేస్‌ ఇండియన్‌ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. తాను పెంచిన సంస్థ పరాధీనమైనా, నెహ్రూ కోరికపై ఎయిర్‌ ఇండియా అధ్యక్షుడిగా కొనసాగారు. విమానంలో తెరల రంగు మొదలు కాఫీ, టీల రుచి వరకు చీటీలపై రాసి సిబ్బందికి పంపేవారు. జీతం కోసం పనిచేసేవారిలో అంత శ్రద్ధ అరుదు. అంతటి వ్యక్తిని 1978 ఫిబ్రవరిలో మొరార్జీ ప్రభుత్వం తొలగించింది. ఆ కబురు ఆయనకు ముందుగా తెలిసింది ప్రభుత్వం నుంచి కాదు, తన స్థానంలో నియమితులైన పి.సి.లాల్‌ ద్వారా. గౌరవప్రదమైన వీడ్కోలుకు ఆయన నోచుకోలేదు.

అయినా విమానంపై మక్కువ చావలేదు. 1982 అక్టోబరు 15న, 78 ఏళ్ల వయసులో, చిన్న లెపర్డ్‌ మాత్‌ విమానాన్ని నడుపుతూ కరాచీ నుంచి బొంబాయికి తొలినాటి ప్రయాణాన్ని పునరావృతం చేశారు. 1992లో భారతరత్న అందుకున్న జేఆర్‌డీ 1993 నవంబరు 29న జెనీవాలో కన్నుమూశారు. ఎయిర్‌ ఇండియా 2022 జనవరి 27న తిరిగి టాటాల చేతికి వచ్చింది. దక్కన్‌ ఎయిర్‌వేస్‌ విమానాలు ఎగిరిన బేగంపేట నుంచి మాత్రం ప్రయాణికుల రాకపోకలు 2008లోనే శంషాబాద్‌కు తరలిపోయాయి.