పేరు దాచుకున్న బ్రూవర్: ‘స్టూడెంట్’ గాసెట్

స్టాటిస్టిక్స్ చదివినవారెవరికైనా స్టూడెంట్ టి-టెస్ట్ తెలుసు. రెండు సగటుల మధ్య కనిపించిన తేడా నిజంగా ఉన్నదా, యాదృచ్ఛికంగా వచ్చిందా అని తేల్చడానికి మందుల ప్రయోగాల నుంచి పంటల పరిశోధన దాకా అంతటా దాన్ని వాడతారు. అయితే ఆ స్టూడెంట్ కాలేజీ విద్యార్థి కాదు. డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి. అసలు పేరు విలియం సీలీ గాసెట్. మాల్ట్, హాప్స్, ఈస్ట్‌లతో రోజూ తంటాలు పడే మనిషికి ఎదురయ్యే ప్రశ్నకే ఆయన జవాబు వెతికాడు. చేతిలో ఉన్నవి నాలుగే నమూనాలైతే వాటిని ఎంతవరకు నమ్మవచ్చు?

గాసెట్ 1876 జూన్ 13న ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీలో పుట్టాడు. తండ్రి సైన్యంలో ఇంజనీరు. కొడుకూ ఆ దారిలోనే వెళ్లాలనుకున్నాడు కానీ చూపు సరిగా లేకపోవడంతో అవకాశం దక్కలేదు. వించెస్టర్ స్కూల్లో, ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజీలో గణితం, రసాయనశాస్త్రం చదివాడు. 1899లో గిన్నెస్‌లో చేరాడు. తాతల నాటి అలవాట్ల మీద, అనుభవజ్ఞుల ముక్కు మీద, నాలుక మీద నడిచే బీరు తయారీని శాస్త్రీయంగా మార్చాలని ఆ కంపెనీ అప్పట్లో విశ్వవిద్యాలయాల నుంచి సైన్స్ పట్టభద్రులను తీసుకుంటోంది.

ఆ మార్పు చెప్పినంత తేలిక కాదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీయే మాల్ట్. పులియడానికి కావలసిన చక్కెర దాని నుంచే వస్తుంది. హాప్స్ పూలు చేదునూ సువాసననూ ఇస్తాయి, బీరు త్వరగా పాడవకుండా కాపాడతాయి. ఇంగ్లండ్ నుంచి నెలల తరబడి ఓడల్లో మన దేశానికి పంపిన ఇండియా పేల్ ఏల్‌లో హాప్స్ ఎక్కువగా వేసింది అందుకే. ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఈ మూడింట్లో ఏదీ ఎప్పుడూ ఒకేలా ఉండదు. బార్లీ నేలను బట్టి, వానను బట్టి మారుతుంది. హాప్స్ గుణం ఒక మూటకూ మరో మూటకూ తేడాగా ఉంటుంది. ఈస్ట్ ప్రాణమున్న కణం, తొట్టిలో క్షణక్షణం పెరుగుతూనే ఉంటుంది. ఒక్కో పరీక్షకు సమయమూ డబ్బూ కావాలి కాబట్టి వందల కొద్దీ నమూనాలు పరీక్షించే వీలుండదు. అప్పటి గణిత సూత్రాలు మాత్రం నమూనాలు పెద్ద సంఖ్యలో ఉన్నప్పుడే సరిగా పనిచేసేవి.

1904లో గాసెట్ ఈ విషయం మీద కంపెనీకి ఒక అంతర్గత నివేదిక ఇచ్చాడు. మాల్ట్ నుంచి ఎంత చక్కెర దిగుతుందో కొలిచే పరీక్షను ఒక్కసారి చేస్తే వచ్చే అంకె నమ్మదగినది కాదు. మరి ఎన్నిసార్లు చేయాలి? సగటు విలువ అసలు విలువకు అర డిగ్రీ లోపే ఉంటుందని 10కి 1 చొప్పున పందెం కాయాలంటే కనీసం 4 పరీక్షలు కావాలని ఆయన లెక్క. పరీక్షలు పెంచితే నమ్మకమూ పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. ఎక్కడ ఆగాలో తెలియడమే ఆయనకు ముఖ్యం.

గణితంలో చిక్కుముడులు మిగిలిపోవడంతో 1905లో సైకిల్ ఎక్కి వెళ్లి, ప్రముఖ గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్‌ను కలిశాడు. 1906లో హాకీ క్రీడాకారిణి మార్జరీ ఫిల్‌పాట్స్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆ ఏడాదే కంపెనీ ఆయన్ను లండన్‌లోని పియర్సన్ ప్రయోగశాలకు పంపింది. అక్కడ మొదట చేతికెత్తుకున్నది ఈస్ట్ లెక్క. తొట్టిలో ఈస్ట్ తక్కువైతే బీరు పూర్తిగా పులియదు, ఎక్కువైతే రుచి చెడుతుంది. రక్తకణాలు లెక్కించడానికి వాడే, 400 చిన్న గడులున్న గాజు పలక మీద ఈస్ట్ కలిపిన ద్రవం పోసి, ఒక్కో గడిలో ఎన్ని కణాలున్నాయో సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టేవారు. ఆ అంకెల హెచ్చుతగ్గులు ఏ సూత్రాన్ని అనుసరిస్తాయో, ఆ లెక్కలో ఎంత పొరపాటుకు వీలుందో 1907లో బయోమెట్రికా పత్రికలో వివరించాడు. రచయిత పేరు ఉండాల్సిన చోట స్టూడెంట్ అని ఉంది. తమ ఉద్యోగుల పరిశోధన వల్ల వ్యాపార రహస్యాలు బయటికి పోతాయని కంపెనీకి భయం. సొంత పేరు, కంపెనీ పేరు బయటపడకూడదన్న షరతు మీదే అచ్చుకు అనుమతి దొరికింది.

మరుసటి ఏడాది వచ్చిన వ్యాసమే ఆయన్ను చిరస్థాయిగా నిలిపింది. కొద్దిపాటి నమూనాలతో తీసిన సగటును ఎంతవరకు నమ్మవచ్చో అందులో పట్టిక వేసి చూపించాడు. దాన్ని సరిచూసుకోవడానికి 3,000 మంది నేరస్తుల ఎత్తు, ఎడమచేతి మధ్యవేలి పొడవు కొలతలను అట్ట ముక్కల మీద రాసి, బాగా కలిపి, నాలుగేసి చొప్పున 750 నమూనాలుగా విడదీశాడు. కంప్యూటర్ అన్నదే లేని రోజుల్లో చేత్తో చేసిన ప్రయోగమది. పెద్ద నమూనాలతోనే పనిచేసే పియర్సన్‌కు ఇది అంత ముఖ్యమని తోచలేదు. దాని విలువ గుర్తించినవాడు రొనాల్డ్ ఫిషర్. 1912లో, కేంబ్రిడ్జ్‌లో చదువుకుంటున్న రోజుల్లోనే, గాసెట్ సూత్రానికి గణిత నిరూపణ రాసి పంపాడు. 1925లో ఫిషర్ రాసిన పుస్తకం ద్వారా టి-టెస్ట్ ప్రపంచమంతా పాకింది.

దానితోపాటే మరో అలవాటూ పాకింది. యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం 20లో 1 కంటే తక్కువైతే ఆ ఫలితం లెక్కలోకి వస్తుంది, లేకపోతే రాదు అన్న గీత. గాసెట్‌కు అలాంటి ఒకే గీత మీద నమ్మకం లేదు. ఎంత ఖాయంగా తెలియాలన్నది ప్రయోగానికయ్యే ఖర్చును బట్టి, ఫలితం వల్ల కలిగే లాభాన్ని బట్టి ఉంటుందని ఆయన అభిప్రాయం. బీరు కంపెనీలో నిర్ణయం తప్పితే తొట్ల కొద్దీ సరుకు నష్టం. అతి జాగ్రత్తతో మంచి బార్లీని వదులుకున్నా నష్టమే. ఐర్లండ్ పొలాల్లో బార్లీ రకాలను పోల్చేటప్పుడు కూడా ఒక చేనులో, ఒక ఏడాది వచ్చిన ఫలితంతో ఆయన తృప్తిపడలేదు. వేర్వేరు నేలల్లో, వరుసగా కొన్నేళ్లు చూడాలనేవాడు. పొలంలో మళ్లను ఎలా అమర్చాలన్న దాని మీద ఫిషర్‌తో గట్టిగానే విభేదించాడు. అయినా వారి స్నేహం చెడలేదు.

ఈ గణితం మన దేశానికీ త్వరగానే చేరింది. కేంబ్రిడ్జ్ నుంచి తిరిగొస్తూ ప్రశాంతచంద్ర మహలనోబిస్ వెంట తెచ్చుకున్నది స్టూడెంట్ వ్యాసాలు అచ్చయిన బయోమెట్రికా సంపుటాలనే. 1931లో కలకత్తాలో ఆయన నెలకొల్పిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు 1941లో చేరారు. తర్వాత కేంబ్రిడ్జ్‌లో ఫిషర్ దగ్గర పరిశోధన చేశారు.

ఇవాళ చిన్న బ్రూవరీలోనో, చట్టం అనుమతించే దేశాల్లో ఇంట్లోనో ఐపీఏ తయారుచేసేవారిది కూడా గాసెట్ సమస్యే. హాప్స్ పెంచి, మాల్ట్ మార్చి, కొత్త ఈస్ట్ వేసి చేసిన ఒక్క విడత రుచిగా వస్తే ఆ ఘనత దేనిదో చెప్పలేం. ఒకసారికి ఒక్కటే మార్చి, పక్కనే పాత పద్ధతిలోనూ చేసి, మళ్లీ మళ్లీ పోల్చి చూస్తేనే తెలుస్తుంది. రెండు మూడు విడతలకే కొత్త మందు పనిచేసిందనో, కొత్త విత్తనం దిగుబడి పెంచిందనో ప్రకటించేవారికీ ఇదే వర్తిస్తుంది.

గాసెట్ 1935లో లండన్‌కు మారి, పార్క్ రాయల్‌లో గిన్నెస్ కొత్త బ్రూవరీ పనుల్లో మునిగిపోయాడు. 1937లో కంపెనీ హెడ్ బ్రూవర్ అయ్యాడు. కొద్ది నెలలకే, అక్టోబర్ 16న, 61 ఏళ్ల వయసులో గుండెపోటుతో కన్నుమూశాడు. పొలం మళ్ల అమరికపై ఆయన రాసిన చివరి వ్యాసం మరుసటి ఏడాది బయోమెట్రికాలో వచ్చింది. దాని మీద కూడా ఉన్నది స్టూడెంట్ అన్న పేరే.