150 డాలర్ల గిటార్ – చార్లీ క్రిస్టియన్ జీవితగాథ

ఇంట్లో పిల్లవాడు వాద్యం నేర్చుకుంటానని అడిగినప్పుడు తల్లిదండ్రుల మనసులో మొదట మెదిలేది దాని ధర. ఖరీదైన వాద్యం చేతికొస్తేనే విద్య అబ్బుతుందన్న అపోహ మనలో చాలామందికి ఉన్నది. ఆ అపోహను తుడిచివేసే జీవితం ఒకటి అమెరికా సంగీత చరిత్రలో కనిపిస్తుంది. అతడి పేరు చార్లీ క్రిస్టియన్. జీవించినది పాతికేళ్లు. దేశమంతటికీ తన వాద్యాన్ని వినిపించినది రెండేళ్లకు లోపే. అయినా విద్యుత్ గిటార్ చరిత్రను అతడికి ముందు, అతడికి తరువాత అని విభజించి చెప్పుకొనడం నేటికీ పరిపాటి.

బాల్యం – వీథిగానం

చార్లీ 1916 జూలై 29న టెక్సాస్ రాష్ట్రంలోని బోన్‌హామ్ అనే చిన్న పట్టణంలో ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించాడు. తల్లిదండ్రులిద్దరూ సంగీతం తెలిసినవారే. అతడు పసివాడుగా ఉన్నప్పుడే కుటుంబం ఓక్లహోమా సిటీకి తరలివెళ్లింది. జ్వరం కారణంగా తండ్రికి చూపు పోయింది. ఆ ఇంటికి పాటే జీవనాధారమైంది. అంధుడైన తండ్రి చేయి పట్టుకొని ముగ్గురు కొడుకులు సంపన్నుల వీథులకు నడిపించుకొని వెళ్లేవారు. ఇంటింటి ముందు వాయించి, పాడి, ఇచ్చిన డబ్బో వస్తువులో తెచ్చుకొనేవారు. అందరిలో చిన్నవాడైన చార్లీ మొదట్లో నాట్యం చేసేవాడు. గిటార్ విద్యలో తొలి గురువు తండ్రే. చార్లీకి పన్నెండేళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు. కొడుకుకు దక్కిన ఆస్తి ఆయన వాయించిన వాద్యాలు.

బడిలో చేతిపనుల తరగతిలో చార్లీ చుట్టల పెట్టెలకు తీగలు బిగించి గిటార్లు తయారు చేసేవాడట. ఈ ముచ్చటను లోకానికి తెలిపినవాడు ఆ ఊరివాడే అయిన ప్రసిద్ధ రచయిత రాల్ఫ్ ఎల్లిసన్. బడి వాద్యబృందంలో చార్లీ సాక్సఫోన్ వాయించాలని ఆశపడ్డాడు. ఉపాధ్యాయురాలు ట్రంపెట్ పట్టమన్నది. అది ఊదితే పెదవి పాడవుతుందని తలచి, బృందాన్ని విడిచి బేస్‌బాల్ ఆటలో మునిగాడు. అయితే సాక్సఫోన్ మీది మమకారం మాత్రం పోలేదు. తరువాతి కాలంలో అతడు గిటార్ మీద పలికించినవి ఆ వాద్యపు దీర్ఘమైన, ప్రవహించే స్వరపంక్తులే.

వినిపించని వాద్యం

ఆనాటి జాజ్ బృందాలలో పది పదిహేను మంది ఊదువాద్యకారులు ఉండేవారు. వారి హోరులో గిటార్ పలుకు మునిగిపోయేది. అందువల్ల గిటార్‌కు లయ నిలబెట్టడమే పనిగా ఉండేది, ఒంటరిగా స్వరాలు వాయించే అవకాశం అరుదు. ధ్వని పెంచడం కోసం తయారీదారులు వయొలిన్‌ను పోలిన నిర్మాణాన్ని ఆశ్రయించారు. బొబ్బిలి వీణ కుండను పనస మొద్దు నుండి తొలిచినట్లే, వీరు స్ప్రూస్ పలకను వంపుగా చెక్కి బోలు దేహానికి పైకప్పుగా అమర్చారు. దానికి ఎఫ్ అక్షరం ఆకారంలో రెండు రంధ్రాలు ఉంచారు. ఇదే ఆర్చ్‌టాప్ గిటార్. గిబ్సన్ సంస్థ 1934లో తెచ్చిన సూపర్ 400 అనే నమూనాకు ఆ పేరు 400 డాలర్ల ధర వల్లనే వచ్చింది. కరువు రోజుల్లో సామాన్య వాద్యకారుడికి అది అందని పండు.

1936లో అదే సంస్థ ఈఎస్-150 అనే విద్యుత్ గిటార్‌ను విడుదల చేసింది. గిటార్, ఆంప్లిఫయర్, కలిపే తీగ అన్నీ చేరి సుమారు 150 డాలర్లు. అలంకారాలు లేని నిరాడంబరమైన వాద్యం. తీగల కింద ఒక ఉక్కు పట్టీ, లోపల బరువైన అయస్కాంతాలు, వాటిని పైపలకకు పట్టి ఉంచే మూడు మరలు. తీగల కంపనం ఈ పికప్‌లో విద్యుత్ సంకేతంగా మారి, ఆంప్లిఫయర్ ద్వారా పెద్ద ధ్వనిగా వెలువడుతుంది. చార్లీ చేపట్టినది ఈ గిటారే. తరువాత ఆ పికప్ రకానికే వాద్యకారులు అతడి పేరు పెట్టుకున్నారు.

దేశం విన్న రోజు

మధ్య పశ్చిమ రాష్ట్రాల ఊళ్లలో రాత్రికి రెండున్నర డాలర్ల కూలికి అతడు వాయించేవాడు. 1938లో నార్త్ డకోటాలోని బిస్మార్క్‌లో మేరీ ఆస్బోర్న్ అనే యువతి బయటి నుండి విని, అది సాక్సఫోన్ అని భ్రమపడింది. లోనికి వెళ్లి చూసి ఆశ్చర్యపోయి, తానూ విద్యుత్ గిటార్ కొని పేరుపొందిన కళాకారిణి అయింది.

1939లో పియానో విద్వాంసురాలు మేరీ లూ విలియమ్స్ చెప్పిన మాటపై జాన్ హామండ్ అనే సంగీత నిర్వాహకుడు ఓక్లహోమా వెళ్లి చార్లీని విన్నాడు. ఆ ఆగస్టు 16న అతడిని ప్రసిద్ధ క్లారినెట్ విద్వాంసుడు బెన్నీ గుడ్‌మన్ వద్దకు బెవర్లీ హిల్స్‌కు రప్పించాడు. తెలియని పల్లెటూరి కుర్రవాణ్ణి తనకు చెప్పకుండా వేదిక ఎక్కించినందుకు గుడ్‌మన్‌కు కోపం వచ్చింది. ఇతడికి రాదని తలచి రోజ్ రూమ్ అనే పాటను ఎత్తుకున్నాడు. చార్లీకి అది బాగా తెలిసినదే. తన వంతు వచ్చినప్పుడల్లా కొత్త ఊహలతో వాయిస్తూ పోగా ఆ ఒక్క పాట ముప్పావుగంట సాగిందని చెబుతారు. మరునాటి నుండి అతడు గుడ్‌మన్ బృందంలో సభ్యుడు. జీతం వారానికి 150 డాలర్లు. తన గిటార్ ధర ఎంతో, ఇప్పుడతడి వారపు సంపాదన అంత. జాతివివక్ష బలంగా ఉన్న ఆ రోజుల్లో నల్లవారు, తెల్లవారు ఒకే వేదికపై వాయించిన కొద్ది బృందాలలో అది ఒకటి.

పని ముగిసిన తరువాత న్యూయార్క్ హార్లెమ్‌లోని మింటన్స్ అనే చోట తెల్లవారేదాకా వాయించేవాడు. థెలోనియస్ మంక్, కెన్నీ క్లార్క్ వంటివారితో అక్కడ పుట్టిన కొత్త జాజ్ శైలికి బెబాప్ అని పేరు వచ్చింది. 1941లో ఒక అభిమాని అక్కడ ముద్రించుకున్న రికార్డులు ఆ రాత్రులకు సాక్ష్యంగా మిగిలాయి.

క్షయ

నిద్రలేని రాత్రులు, తీరిక లేని ప్రయాణాలు ఒకవైపు, అప్పటికే పట్టిన క్షయవ్యాధి మరొకవైపు. 1940లో కొద్దికాలం ఆసుపత్రిలో ఉండి తిరిగివచ్చాడు. 1941 జూన్‌లో స్టాటెన్ ఐలండ్‌లోని సీవ్యూ క్షయ చికిత్సాలయంలో చేరాడు. మళ్లీ బయటికి రాలేదు. 1942 మార్చి 2న కన్నుమూశాడు. పుట్టిన ఊరిలోనే పూడ్చారు. 1994 వరకు ఆ సమాధికి గుర్తు రాయి కూడా లేదు.

ఆనాటికి క్షయకు మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, ఆహారం మాత్రమే చికిత్స. స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది 1943లో. ఐసోనియాజిడ్ అనే మందును 1951లో రోగులకు ఇచ్చి పరీక్షించిన చోటు అదే సీవ్యూ ఆసుపత్రి. పదేళ్లు ముందుగా ఆ మందు వచ్చి ఉంటే ఆ చేతులు ఇంకెంతకాలం పలికేవో! నేడు మన ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ వ్యాధికి పరీక్ష, మందులు ఉచితం. దగ్గు రెండు వారాలకు మించితే కళ్లె పరీక్ష చేయించుకొనడంలో ఏ ఇంటివారూ అలక్ష్యం చేయరాదు.

మనకు మిగిలినది

చార్లీ రికార్డులు వింటూ స్వరం స్వరం కంఠస్థం చేసి మహావిద్వాంసుడైనవాడు వెస్ మాంట్‌గోమరీ. 1949లో గిబ్సన్ సంస్థ చెక్కిన పలకకు బదులు పొరలు అతికించిన మేపుల్ చెక్కతో ఈఎస్-175ను తెచ్చింది. దాని ధర కూడా పేరులోనే ఉన్నది. నేటి చవక ఆర్చ్‌టాప్‌లలో అత్యధికం ఆ పొరచెక్క పద్ధతిలో తయారైనవే. అందులో చిన్నతనమేమీ లేదు. బోలు గిటార్ ధ్వని హెచ్చించినప్పుడు, జాతర మైకు కూతపెట్టినట్లే, తానూ కూతపెడుతుంది. పొరచెక్క దానిని కొంత అదుపు చేస్తుంది.

కొనదలచినవారు మెరుగును చూసి మోసపోరాదు. మెడ వంకర లేకుండా ఉన్నదా, తీగలు వేలికి అందే ఎత్తులో ఉన్నాయా, ప్రతి మెట్టుపై స్వరం స్పష్టంగా పలుకుతున్నదా, శ్రుతి నిలుస్తున్నదా అని పరీక్షించాలి. ఆంప్లిఫయర్‌కు కలిపి, ధ్వని పెంచి వినకుండా డబ్బు చెల్లించరాదు.

చుట్టల పెట్టెతో మొదలుపెట్టినవాడు 150 డాలర్ల గిటార్‌తో ఒక వాద్యం తలరాతనే మార్చాడు. పిల్లల చేతికి మనం ఇవ్వగలిగినది చిన్న వాద్యమే కావచ్చు. అది సరిగా పలికితే చాలు. తక్కినది సాధన చూసుకుంటుంది.