కాకినాడ చేరిన హాల్డేన్

మా గణపవరం వైపు ఏ రోడ్డెక్కినా పక్కన చేపల చెరువే. వరదకి గట్టు తెగితే ఏ చేప మిగులుతుందన్నది దాని బలాన్ని బట్టి ఉండదు, ఆ టైముకి ఏ మూల ఉందన్నదాన్ని బట్టే. రోగాన్ని తట్టుకున్నవి బతికి ఎక్కువ పిల్లల్ని పెడితే అది ప్రకృతి వరణం. ఇలా లక్కు వల్ల మిగిలితే జెనెటిక్ డ్రిఫ్ట్. ఈ రెండింటికీ లెక్కలు కట్టినవాళ్లలో జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరు.

1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి గనుల్లో విషవాయువుల మీద పరిశోధించేవారు. కొడుకు కూడా తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకున్నారు. సైన్సులో డిగ్రీ మాత్రం లేదు! (బ్రాంచ్ మారాలనుకునేవాళ్లు గమనించాలి.)

మాంచెస్టర్‌లో ఫ్యాక్టరీల పొగ పెరిగాక యాభై ఏళ్లలోనే తెల్ల రెక్కల చిమ్మటలు పోయి దాదాపు అన్నీ నల్లవే అయ్యాయి. అంత స్పీడుగా మారాలంటే నల్లవాటి సంతానం తెల్లవాటికన్నా సుమారు 50 శాతం ఎక్కువగా బతకాలని 1924లో ఆయన లెక్క తేల్చారు. నాకు ఇంకా నచ్చింది 1927 నాటి లెక్క. ఒక శాతం మేలు చేసే కొత్త జన్యువు పుట్టినా, అది జనాభా అంతటా నిలిచే ఛాన్సు రెండు శాతమే. మిగతా 98 సార్లు మంచిదై ఉండి కూడా ఊరికే పోతుంది. కోడ్ రాసి రన్ చేసి చూశాను, నిజంగానే పోతోంది.

1957లో ఇంగ్లండ్ వదిలి కలకత్తా వచ్చేశారు, తర్వాత భారత పౌరుడయ్యారు. పంచె, కుర్తా కట్టి శాకాహారి అయ్యారు. ఆయన దగ్గర చేరిన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణ. మేనరికాలు, అక్క కూతుర్ని చేసుకోవడం మనకి మామూలే కదా, మా ఇంట్లోనూ ఉన్నాయి. అలాంటి పెళ్లిలో తాత దగ్గరున్న ఒకే లోపం అటునుంచీ ఇటునుంచీ బిడ్డకి రావచ్చు. అందుకే హాల్డేన్‌కి మన ఆంధ్ర మీద అంత ఆసక్తి. ద్రోణంరాజు, మీరాఖాన్ కలిసి ఇక్కడి కుటుంబాల వివరాలు సేకరించి 1963లో ప్రచురించారు. పెళ్లిచూపుల్లో ఎవరూ అడగని ప్రశ్నలవి.

1962లో భువనేశ్వర్ వెళ్లి ల్యాబ్ పెట్టారు. అప్పటికి ఎక్కువ టైము లేదు. 1964 డిసెంబరు 1న క్యాన్సర్‌తో పోయారు. దహనమూ లేదు, సమాధీ లేదు. ముందే రాసిపెట్టిన ప్రకారం ఆయన శరీరం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి వెళ్లింది, మన వయసు స్టూడెంట్లు అనాటమీ నేర్చుకోవడానికి.