నడుము సన్నని స్కీలు చెక్కినవాడు

మంచు ఎరుగని మన బడి పిల్లలకు స్కీ గురించి చెప్పడం కష్టం. కాళ్లకు పొడవాటి పలచని చెక్కలు కట్టుకుని మంచు వాలు మీద జారతారంటే, పడిపోరా అనే ముందు అడుగుతారు. ఆ ప్రశ్నతో జీవితమంతా గడిపినవాడు సోండ్రే నోర్‌హైమ్.

1825 జూన్ 10న నార్వేలోని టెలిమార్క్ ప్రాంతంలో, మోర్గెడాల్ అనే కొండ పల్లెలో పుట్టాడు. సొంత భూమి లేని కుటుంబం. పరుల భూమిలో చిన్న ఇల్లు, రెక్కల కష్టం. 1854లో రాన్నైని పెళ్లాడాడు. చెక్కపని బాగా వచ్చు.

అప్పట్లో స్కీకి పాదం ముందువైపు మాత్రమే పట్టీ ఉండేది. మలుపు తిరిగినా, ఎగిరినా స్కీ ఊడి పోయేది. సోండ్రే విల్లో చెట్టు లేత కొమ్మలను మెలిపెట్టి మడమ వెనక నుంచి చుట్టి బిగించాడు. మడమ లేస్తుంది, స్కీ మాత్రం కాలిని వదలదు. బుట్టలల్లే చేతులకు తట్టే ఉపాయమే ఇది. అయినా దానితోనే ఇళ్ల కప్పుల మీంచి, బండల మీంచి దూకడం వీలైంది.

తర్వాత స్కీ ఆకారం మార్చాడు. పొడవు తగ్గించి, ఢమరుకంలా నడుము సన్నం చేశాడు. పక్కకు ఒరిగితే చాలు, ఆ వంపు వెంట స్కీ తనంతట తానే తిరుగుతుంది. టెలిమార్క్ చెక్కపనివాళ్లు స్కీ మధ్యభాగాన్ని విల్లులా పైకి వంచేవారు. మనిషి ఎక్కితే ఆ వంపు అణిగి, బరువు రెండు కొసలకూ పంచుతుంది. గట్టి మంచు మీద పట్టు దొరికేది అందువల్లే. స్లాలమ్ అనే మాట కూడా ఆ ప్రాంతపు మాండలికం నుంచే వచ్చింది.

1868లో, 42 ఏళ్ల వయసులో, రాజధాని క్రిస్టియానియాలో (నేటి ఓస్లో) పోటీకి బయలుదేరాడు. దాదాపు 200 కిలోమీటర్లు, మూడు రోజులు, స్కీల మీదే వెళ్లి గెలిచాడు. పిల్లలను జిల్లా పోటీలకు పంపడానికి బస్సు చార్జీలు లెక్కపెట్టే నాకు ఇది చదివినప్పుడు కాస్త సిగ్గేసింది.

పేరు వచ్చింది గానీ పొలం రాలేదు. 1884లో, అరవైకి చేరువలో, భార్యాపిల్లలతో అమెరికా వెళ్లాడు. చివరికి స్థిరపడింది నార్త్ డకోటాలో. మంచుకు కొదవ లేదు, కొండలే లేవు! చదునైన ఆ మైదానంలో వ్యవసాయం చేసుకుంటూ 1897 మార్చి 9న కన్నుమూశాడు. డెన్‌బిగ్ దగ్గరి నార్వేజియన్ల చర్చి శ్మశానంలో పాతిపెట్టారు. 1966 వరకూ ఆ సమాధికి పేరు చెక్కిన రాయి లేదు. అప్పటికి 1952 ఓస్లో, 1960 స్క్వా వ్యాలీ శీతాకాల ఒలింపిక్స్‌ల జ్యోతిని మోర్గెడాల్‌లో ఆయన పుట్టిన ఇంటి పొయ్యిలోనే వెలిగించారు. పొయ్యికి దక్కిన గౌరవం మనిషి సమాధికి దక్కడానికి ఇంకా ఆరేళ్లు పట్టింది.

కాలిఫోర్నియాలోని ఆ స్క్వా వ్యాలీలోనే తర్వాతి కాలంలో షేన్ మెక్‌కాంకీ అనే స్కీ వీరుడు ఉండేవాడు. లోతైన పొడి మంచులో పాత ఆకారం మునిగిపోతుంది, కొసలు దిగబడతాయి. నీటి మీద జారే స్కీలను చూసి అతను అంతా తిరగేశాడు. నడుము లావు, మధ్యభాగం కిందికి, కొసలు పడవలా పైకి. 2002లో అవి స్పాట్యులా పేరుతో బజారుకొచ్చాయి. వాటి మీద వెనక్కి వాలి నిలబడే పాత అలవాటు పనికిరాదు. బరువు మధ్యలో ఉంచి, అంచు కోయకుండా, స్కీని పక్కకు జార్చాలి. కొనేవాడు ముందు తన కొండ మంచు చూసుకోవాలి. గట్టి మంచు మీద ఇవి పట్టు దొరకనివ్వవు. అక్కడ ఇప్పటికీ సోండ్రే చెక్కిన నడుమే కావాలి.